ఊరియా భార్య, మిలట్రీ ఆమె



మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదవమంటే మన ఇళ్లలో చాలామంది పదిహేడు వచనాలు దాటించి క్రీస్తు పుట్టుక దగ్గర మొదలుపెడతారు. పేర్లు నోరు తిరగవు, అందులో ఏం వాక్యం ఉంది అంటారు. ఆ పేర్ల వరుసలో ఒకచోట పేరు ఉండవలసిన స్థలంలో పేరు లేదు. తామారు పేరుంది, రాహాబు పేరుంది, రూతు పేరుంది. సొలొమోను తల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరియా భార్య అని రాసి ఉంది. బత్షెబ అన్న పేరు మత్తయికి తెలియక కాదు. సమూయేలు రెండవ గ్రంథం పదకొండో అధ్యాయం చూడండి. ఆమె ఎవరో కనుక్కోమని దావీదు మనిషిని పంపినప్పుడు వచ్చిన జవాబులో మూడూ ఉన్నాయి: ఆమె పేరు, ఏలీయాము కుమార్తె అని తండ్రి పేరు, హిత్తీయుడైన ఊరియా భార్య అని భర్త పేరు. ఒక అధికారి అడిగితే ఒక స్త్రీ గుర్తింపును ఎలా చెబుతారో అలాగే చెప్పారు. ఆ తర్వాత ఊరియాను రబ్బా కోట దగ్గర యుద్ధం ముమ్మరంగా ఉన్న చోట నిలబెట్టి చంపించారు. బత్షెబ ఎవరని అడిగితే మనం చాలా చెబుతాం గాని, ఆమె యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ అని మాత్రం సాధారణంగా చెప్పం.

ఊరియా పేరు ఇంకో జాబితాలో కూడా ఉంది. అదే గ్రంథం ఇరవై మూడో అధ్యాయంలో దావీదు శూరుల పేర్లు వరుసగా రాసి, చిట్టచివర హిత్తీయుడైన ఊరియా పేరు చెప్పి, మొత్తం 37 మంది అని లెక్క ముగించారు. అంటే సైన్యం జాబితాలో భర్త పేరు ఉంది, భార్య లేదు. వంశావళిలో భార్య ఉంది గాని భర్త పేరుతో ఉంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఇద్దరూ మనుషులుగా కనబడతారు. ఈ సంగతి మేము చాలాసార్లు ప్రసంగించాం గాని, ఆ పని చేతులతో చేయవలసి వచ్చింది మాత్రం గత సంవత్సరమే.

మన సమాధుల తోటలో తూర్పు గోడ పక్కన ఒక నాపరాయి ఉంది. దాని మీద అక్షరాలు లేవు. ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని మిలట్రీ ఆమె సమాధి అంటారు. సంఘపు పాత లెక్కల పుస్తకంలో కూడా ఆమె అదే పేరుతో ఉంది. పిడికెడు బియ్యం పోగుచేసి తెచ్చిన స్త్రీల వరుసలో అందరికీ పేర్లున్నాయి, ఆమె ఎదుట మాత్రం మిలట్రీ ఆమె అని రాసి, కొలత వేశారు. కోత పండుగ కానుకల్లోనూ అంతే. అది రాసిన అప్పటి ఉపదేశి ఆమెను అవమానించాలని రాయలేదు. ఆ పేరుతో అందరికీ తెలుసు గనుక రాశాడు.

ఆ స్త్రీ కుమార్తె మన సంఘంలోనే ఉన్నారు. ఎనభై రెండేళ్లు. కుటుంబం కోరిక మీద ఇక్కడ ఎవరి పేర్లూ రాయడం లేదు. సమాధుల పండుగకు ముందు వారం ఆమె మనవడు హైదరాబాదు నుండి వచ్చి, నాయనమ్మను స్కూటరు మీద ఎక్కించుకుని మా ఇంటికి తీసుకొచ్చాడు. సున్నం వేయించడం గురించి మాట్లాడతారనుకున్నాం. ఆమె వేరే మాట అడిగారు.

“అయ్యా, మా అమ్మ పేరేందో నాకు గట్టిగా తెలవదు. నాకు తొమ్మిదేళ్లప్పుడే పోయింది. నేను అమ్మా అనేదాన్ని, ఊరంతా మిలట్రీ ఆమె అనేది. మా పిన్ని ఒక పేరు చెప్పేది, మేనమామ ఇంకో పేరు చెప్పేవాడు. ఇద్దరూ పోయారు. ఇక్కడ అమ్మా అంటే చాలు. అక్కడికి పోయాక, అన్నన్ని మంది అమ్మల్లో ఏమని పిలవాలి?”

మా ఇంట్లో అమ్మగారు నవ్వబోయి ఆగిపోయారు. ఆ ప్రశ్నకు పరలోకంలో పేర్లు అవసరం లేదనో, ప్రభువుకు అందరి పేర్లూ తెలుసనో జవాబు చెప్పి పంపవచ్చు. అది నిజమే కూడా. కాని ఎనభై రెండేళ్ల బిడ్డ తల్లి పేరు అడుగుతుంటే కాపరి చేయవలసింది వాక్యం చెప్పి పంపడం కాదనిపించింది.

మొదట జనాభా లెక్కల్లో దొరుకుతుందని మనవడు అనుకున్నాడు. అమెరికాలో, ఇంగ్లండులో జనం అలాగే తమ తాతముత్తాతలను వెదుక్కుంటారని అతను చదివాడు. అది నిజమే. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలను 72 ఏళ్ల తర్వాత అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. ఇంగ్లండు, వేల్స్‌లలో నూరేళ్లు ఆగుతారు. 1921 నాటివి 2022 జనవరిలో వచ్చాయి. ఇంటి నంబరు, ఇంట్లో ఎవరెవరు, ఎన్నేళ్లు, ఏ పని అన్నీ పేర్లతో ఉంటాయి. మన దేశంలో అలా కుదరదు. 1948 నాటి జనగణన చట్టం పదిహేనో సెక్షను ప్రకారం లెక్కలవాళ్లు రాసుకున్న కాగితాలు ఎవరూ తీసి చూడడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ లేదు. మనం ధైర్యంగా నిజం చెప్పాలని పెట్టిన కట్టడి అది, మంచిదే. అయితే మన తాతమ్మలు ఆ లెక్కల్లో తలలుగా ఉన్నారు గాని పేర్లుగా లేరు. పైగా ఆమె కాపురం చేసిన కాలానికి దగ్గరగా ఉన్నది 1941 లెక్క. యుద్ధం వల్ల ఆ ఏడాది లెక్కలను పూర్తిగా పట్టికలు కట్టనే లేదు. ఆమె భర్తను తీసుకెళ్లిన యుద్ధమే ఆమె ఉన్న లెక్కనూ కత్తిరించింది.

బైబిలులో జనసంఖ్య తీసిన సంగతులు కూడా ఇలాంటివే. సంఖ్యాకాండంలో 6,03,550 మంది అని వచ్చిన మొత్తం ఇరవై ఏళ్లు దాటి యుద్ధానికి పోగల మగవాళ్లది. దావీదు యోవాబును పంపి లెక్కించినదీ కత్తి దూయగలవాళ్లనే. యుద్ధానికి పనికొచ్చేవాళ్లను లెక్కపెట్టారు, యుద్ధం వల్ల ఒంటరైనవాళ్లను లెక్కపెట్టలేదు. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలబడి మా తండ్రి పేరు ఎందుకు పోవాలి అని అడిగింది సంఖ్యాకాండంలోని రెండో లెక్క ముగిసిన వెంటనే, తరువాతి అధ్యాయంలోనే. ఆ అయిదుగురి పేర్లూ గ్రంథంలో ఉన్నాయి. నోరు తెరిచి అడిగారు గనుక ఉన్నాయని మా అభిప్రాయం.

తర్వాత పింఛను. పెద్దామెకు పింఛను గురించి ఒకటే జ్ఞాపకం. అమ్మ వేలికి సిరా ఉన్న రోజు ఇంట్లో బెల్లం ఉండేది. వేలిముద్ర వేసి డబ్బు తీసుకుని, వచ్చేదారిలో బెల్లం కొని తెచ్చేదన్నమాట. ఆ వేలిముద్ర పక్కన ఎవరో ఆమె పేరు రాసే ఉంటారు. ఆ పుస్తకం ఎక్కడ? మనవడు తిరగవలసిన చోట్లన్నీ తిరిగాడు, ఉత్తరాలు రాశాడు. పాత పత్రాలు గడువు తీరాక తీసివేశారని ఒకచోట చెప్పారు. ఇంకొకచోట భర్త నంబరు, దళం పేరు ఉంటేనే వెదకగలం అన్నారు. అందులో తప్పు పట్టడానికి లేదు. సైన్యంలో మనిషికి నంబరే పేరు. మన ఊళ్లో కరణం, మునసబు రాసిన కాగితాలు కూడా అంతే, 1984లో ఆ పదవులు తీసేసినప్పుడు కొన్ని చేతులు మారాయి, కొన్ని చెదలకు పోయాయి.

పింఛను అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, అది హక్కు అని మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో గట్టిగా చెప్పింది. పింఛనుదార్లు ఇప్పటికీ ఆ రోజును పండుగ చేసుకుంటారు. హక్కే అయినా, నేనే ఆమెను అని రుజువు చేసుకునే భారం మాత్రం ఎప్పుడూ ఆ స్త్రీ మీదే ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. స్వతంత్రం వచ్చాక చాలా ఏళ్లపాటు సైన్యపు నియమాల్లో కొన్ని సొమ్ములు భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేవి, భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రం సాగేవి. శౌర్య పతకాలకిచ్చే భత్యం విషయంలో ఆ షరతును 2017లో గాని ఎత్తివేయలేదు. ద్వితీయోపదేశకాండం ఇరవై అయిదో అధ్యాయం చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మన మిలట్రీ ఆమెను కూడా మరిదికి ఇవ్వాలని అత్తగారింట్లో మాట వచ్చిందట. ఆమె ఒప్పుకోక, బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి, అంటే మన ఊరికి వచ్చేసింది. అందుకే ఈ ఊళ్లో ఆమె ఎవరి భార్యో తెలిసినవాళ్లు తక్కువ.

ఇక్కడ మన దేశం కాని ఒకామె సంగతి చెప్పాలి. హ్యారియెట్ టబ్మన్ పేరు కొందరు విని ఉంటారు. అమెరికాలో బానిసగా పుట్టి, తప్పించుకుని, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి ఎందరినో విడిపించిన విశ్వాసి. అక్కడి అంతర్యుద్ధంలో సైన్యానికి నర్సుగా, వేగు మనిషిగా పనిచేసింది. దేశమంతా ఎరిగిన స్త్రీ. ఆమె రెండో భర్త నెల్సన్ డేవిస్ మాజీ సైనికుడు, 1888లో చనిపోయాడు. ఆమె విధవ పింఛను కోసం దరఖాస్తు పెడితే చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆయన సైన్యంలో నెల్సన్ చార్లెస్ అన్న పేరుతో ఉన్నాడు. ఆ చార్లెస్ ఈ డేవిసే అని, తాను ఆయన పెళ్లాడిన భార్యనే అని ప్రమాణ పత్రాలతో రుజువు చేయవలసి వచ్చింది. 1895లో నెలకు 8 డాలర్లు ఇచ్చారు. 1899లో 20 డాలర్లు చేశారు. అంతటి మనిషికే అన్నేళ్లు పట్టింది. బానిసలకు చట్టప్రకారం పెళ్లే లేని రోజులవి గనుక, ఆమెలాంటి ఎందరో నల్లజాతి విధవలు కాగితం లేక సాక్షుల నోటిమాట మీద ఆధారపడ్డారు. అదే దేశంలో ఇంకా ముందు, స్వాతంత్ర్య యుద్ధపు సైనికుల విధవలు కుటుంబ బైబిలులో పెళ్లి, పుట్టుకలు రాసుకున్న పేజీలను చింపి పింఛను కార్యాలయానికి పంపేవారు. ఆ పేజీలు ఇప్పటికీ వాళ్ల ప్రభుత్వ భాండాగారంలో ఉన్నాయి. దేవుని గ్రంథం చింపడం ఎంత కష్టమై ఉంటుందో చూడండి, కాని పిల్లలకు అన్నం కావాలి.

అంతర్యుద్ధపు సైనికుడి చివరి విధవ అని లెక్కకు వచ్చిన హెలెన్ వయోలా జాక్సన్ 2020 డిసెంబరు 16న చనిపోయింది. 101 ఏళ్లు. 1936లో పదిహేడేళ్ల పిల్లగా, 93 ఏళ్ల జేమ్స్ బోలిన్‌ను చేసుకుంది. ఆ పింఛను కోసం ఆమె ఎన్నడూ దరఖాస్తు పెట్టలేదు, ఆ పెళ్లి సంగతే దాదాపు బతుకంతా బయటపెట్టలేదు. ఆ పెళ్లిని ఆ ముసలాయన తన బైబిలులో రాసుకున్నాడు.

మన మనవడికి కూడా దారి ఇంట్లోనే దొరికింది. బైబిలులో కాదు, రేకు పెట్టెలో. అడుగున ఆరు కొమ్ముల నక్షత్రం ఒకటి ఉంది, బర్మా యుద్ధంలో ఉన్నవారికి ఇచ్చిన పతకం. కష్టకాలంలో ఒకసారి అమ్మడానికి తీసుకుపోతే ఇత్తడిదని తెలిసి ఎవరూ కొనలేదట. అలా మిగిలింది. బ్రిటిషు సైనికులకు ఇచ్చిన ఆ నక్షత్రాల మీద సాధారణంగా పేర్లుండవు. భారత సైనికులకు ఇచ్చినవాటి వెనక నంబరు, పేరు కొట్టించి ఇచ్చేవారు. చింతపండుతో తోమి, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూశాం. నంబరులో మొదటి రెండు అంకెలు అరిగిపోయాయి. మిగతావి ఉన్నాయి. దళం పయొనీర్లు. అంటే తుపాకీ కంటే గడ్డపార ఎక్కువ పట్టినవాళ్లు. రోడ్లు వేసినవాళ్లు, మందుగుండు మోసినవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది చేరారని పుస్తకాల్లో గొప్పగా రాస్తారు గాని, మన మద్రాసు రాష్ట్రం నుండి పోయిన పేద ఇళ్ల కుర్రాళ్లు ఎక్కువమంది చేసినవి ఈ పనులే.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం అని ఒకటుంది. 1917లో పెట్టారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన 17 లక్షల మంది పేర్లను అది కాపాడుతుంది, ఎవరైనా ఇంటర్నెట్‌లో వెదుక్కోవచ్చు. ఆ సంఘం కూడా అందరినీ ఒకేలా చూడలేదు. బస్రాలో మొదటి ప్రపంచ యుద్ధపు స్మారకం మీద మన దేశపు మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు. ఆసియా, ఆఫ్రికాలవారిని కనీసం 1,16,000 మందిని పేరు పెట్టి గాని, అసలు ఏ రూపంలోనూ గాని స్మరించలేదని 2021లో ఆ సంఘమే విచారణ చేసి ఒప్పుకుంది. రెండో యుద్ధం నాటికి కొంత మేలు. రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద, సమాధి తెలియకుండా పోయిన సుమారు 27,000 మంది పేర్లు దళాల వారీగా చెక్కారు. రాతి మీద సైనికుడి పేరే ఉంటుంది. పుస్తకంలో మాత్రం చాలామందికి పక్కన ఒక్క వాక్యం ఉంటుంది: ఫలానా వారి కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, గుంటూరు జిల్లా.

ఆ ఒక్క వాక్యం కోసమే మేమంతా రెండు నెలలు కూర్చున్నాం. అదే పేరుతో పదకొండు మంది వచ్చారు. నంబరు చివరి అంకెలు, దళం కలిసింది ఒక్కరికే. 1945. భార్య పేరుంది. పిన్ని చెప్పిన పేరు కాదు. మేనమామ చెప్పిన పేరుకు కొంచెం దగ్గర. అయితే ఊరు పేరు మా ఎవరికీ తెలియదు. ఇంగ్లీషు గుమస్తా రాసిన అక్షరాలను ఎన్ని రకాలుగా పలికినా, పటంలో అలాంటి ఊరు పల్నాడులో లేదు. జిల్లా పేరుతో వెదికేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మనది పల్నాడు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుండి. దానికి ముందు గుంటూరు జిల్లా. 1985లో మండలాలు వచ్చాయి, దానికి ముందు తాలూకాలు. 1953 దాకా మద్రాసు రాష్ట్రం. మనిషి కదలకుండా అదే అరుగు మీద కూర్చుని ఉన్నా చిరునామా నాలుగుసార్లు మారింది.

ఆ ఊరు పేరును మాచర్ల వైపు నుండి మన కూడికలకు వచ్చే ఒక పెద్దాయనకు వినిపించాం. ఒకసారి చెప్పించుకున్నాడు, రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత అక్షరాలు సరిచేసి తనే పలికి, “అది మా వైపుదే అయ్యగారూ. ఇప్పుడు నీళ్లల్లో ఉంది” అన్నాడు. నాగార్జునకొండ లోయలో ఊరది. 1955 డిసెంబరు 10న సాగర్‌కు శంకుస్థాపన జరిగాక, డ్యాము కట్టాక, ఆ లోయంతా జలాశయంలో మునిగింది. బౌద్ధుల రాళ్లను పైకి తెచ్చి కొండ మీద మ్యూజియంలో పెట్టారు. ఊళ్లవాళ్లు తలో దిక్కుకు పోయారు. ఆ పెద్దాయన నలభై ఎకరాల సంగతీ, వేపచెట్టు సంగతీ ఎత్తుకుని గంటసేపు మాట్లాడాడు, అది వేరే వ్యాసం అవుతుంది.

ఆ లోయ ఊళ్లలోని విశ్వాసులు ఏ సంఘం కింద ఉండేవారో తెలిసిన తర్వాత, ఆ సంఘ కాపరిగారు ప్రేమతో పాత పుస్తకాలు తీయించారు. మేము మొదట పెళ్లి పుస్తకం అడిగాం. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ప్రతి పెళ్లీ పుస్తకంలో ఎక్కాలి గదా. అందులో లేదు. ఉన్నా ఎంత ఉపయోగమో చెప్పలేం. ఆ చట్టంలోని నమూనాలో వధూవరుల తండ్రుల పేర్లకే గడి ఉంది, తల్లి పేరుకు గడి లేదు. పెద్దామె సొంత పెళ్లి మన మందిరంలోనే జరిగింది, ఆ పేజీ మన దగ్గరే ఉంది. అందులో ఆమె తండ్రి పేరు రాసి, యుద్ధములో మృతుడు అని కూడా రాశారు. తల్లి ఊసే లేదు.

బాప్తిస్మపు పుస్తకంలో దొరికింది. 1943. ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, రెండు వరుసలు. మొదటి వరుస పెద్దవయసులో బాప్తిస్మం పొందిన స్త్రీది. పూర్వ నామము అన్న గడిలో ఒక పేరు, క్రైస్తవ నామము అన్న గడిలో ఒక పేరు, భర్త సైన్యములో అని రాసి ఉంది. కింది వరుస నెలల బిడ్డది, ఆ బిడ్డ పేరు మన పెద్దామెది. పూర్వ నామము అన్న గడిలో ఉన్నది, రంగూన్ స్మారకపు పుస్తకంలో భార్య పేరుగా ఉన్నదే. క్రైస్తవ నామము పిన్ని చెప్పిన పేరు. భర్త పట్టాళంలో చేరేనాటికి ఆమెకు బాప్తిస్మం కాలేదు. ఆయన తన భార్య పేరు అప్పటికి ఇంట్లో పిలిచేదే రాయించాడు. తర్వాత ఆమె పేరు మారిన సంగతి ఆయనకు ఉత్తరంలో చేరిందో లేదో, సైన్యపు పుస్తకానికి మాత్రం చేరలేదు.

మా సొంత మాట ఒకటి చెప్పుకుంటాం. మేము చదివిన వేదాంత కళాశాలలో ప్రసంగం ఎలా చేయాలో నేర్పారు, గ్రీకు అక్షరాలు నేర్పారు, రిజిస్టరు రాయడం ఒక పరిచర్య అని ఎవరూ నేర్పలేదు. గుమస్తా పని అనుకునేవాళ్లం. తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు విధవరాండ్రను లెక్కలో చేర్చడం గురించి ఎంత వివరంగా రాశాడో ఇప్పుడు చదవండి. అరవై ఏళ్లు నిండాయా, పిల్లల్ని పెంచిందా, అతిథులను చేర్చుకుందా, పరిశుద్ధుల కాళ్లు కడిగిందా. ఆ రోజుల్లోనే సంఘంలో ఎవరో ఒక పుస్తకం పెట్టుకుని అడిగి తెలుసుకుని రాసేవారన్నమాట. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో సణుగు పుట్టింది కూడా కొందరు విధవరాండ్రు రోజువారీ పరిచర్యలో తప్పిపోయారనే. లూకా అయితే దేవాలయంలో ఉన్న అన్న గురించి పేరు, తండ్రి పనూయేలు, గోత్రం ఆషేరు, భర్తతో ఏడేళ్లు, వయసు 84 అని వరుసగా చెప్పాడు. మన పింఛను దరఖాస్తులో ఇంతకంటే ఎక్కువ అడగరు. ఆ పాత ఉపదేశి ఎవరో, లాంతరు వెలుగులో పూర్వ నామము అన్న గడిని ఖాళీగా వదలకుండా నింపాడు. ఆ చిన్న గడి లేకపోతే ఇద్దరు వేరు వేరు స్త్రీలని అనుకుని ఊరుకునేవాళ్లం.

ఇంత చేసి ఏం వచ్చింది, డబ్బులేమైనా వస్తాయా అని ఒకరిద్దరు అడిగారు. రావు. షూనేమీయురాలి సంగతి రాజులు రెండవ గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఏడేళ్ల కరువుకు దేశం విడిచిపోయి తిరిగొచ్చి, ఇల్లు, పొలం కోసం రాజు దగ్గర మొరపెట్టుకుంటే, అదే సమయానికి గేహజీ అక్కడ ఉండి ఈమే ఆ స్త్రీ అని సాక్ష్యం చెప్పాడు. రాజు పొలంతో పాటు, ఆమె వెళ్లిన దినం మొదలు పంట బకాయి కూడా ఇప్పించాడు. ఇక్కడ అడగడానికి బకాయి లేదు. పింఛను తీసుకున్నామె 1950ల్లోనే పోయింది. కుమార్తె అడిగింది పేరు ఒక్కటే.

మేము పుస్తకం పేజీ ఫొటో పెద్దదిగా తీయించి తీసుకుపోయి ఆమెకు చదివి వినిపించాం. మొదటి పేరు చదివితే తల ఊపారు. రెండో పేరు చదివితే, “పిన్ని అబద్ధం చెప్పలేదు చూడు” అన్నారు. తర్వాత తన వరుస చదవమన్నారు. తల్లీ తానూ ఒకే రోజు బాప్తిస్మం పొందారని ఆమెకు అప్పటిదాకా తెలియదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫొటోలో వేలు పెట్టి, “ఇది అమ్మ, ఇది నేను” అని మనవడికి చూపించారు. అక్షరాలు రావు ఆమెకు. వరుసలు మాత్రం సరిగ్గానే చూపించారు.

రాయి మీద ఏ పేరు చెక్కించాలన్న దగ్గర ఇంట్లో మాట వచ్చింది. కొడుకు క్రైస్తవ నామమే ఉండాలన్నాడు, సమాధుల తోట గదా అని. మనవడు సైన్యం పుస్తకంలో ఉన్నది ఉండాలన్నాడు, రంగూన్‌లో తాతగారి పక్కన రాసి ఉన్నది అదే గనుక. మమ్మల్ని తీర్పు చెప్పమన్నారు. మత్తయి ఊరియా భార్య అని రాసినప్పుడు బత్షెబను చిన్నబుచ్చాడని మేము అనుకోం, చంపబడిన ఆ సైనికుడి పేరును మెస్సీయ వంశావళి నుండి ఎవరూ తుడవకుండా కట్టివేశాడనే అనుకుంటాం. ఆ లెక్కన మేము రెండు పేర్లూ ఉండాలని చెప్పబోయాం. పెద్దామె ముందే అందుకున్నారు.

“మూడూ రాయించండయ్యా. మిలట్రీ ఆమె అని కూడా పెట్టండి. ఊళ్లో వాళ్లు వచ్చి చూస్తే ఎవరో తెలవాలి గదా.”

రాతి పని అతను అక్షరానికి ఇంత అని లెక్క కట్టేవాడు. మూడు పేర్లు అంటే నాపరాయి చాలదేమో, కొత్త రాయి తేవాలా అని అడిగాడు. పాత రాయే ఉంచి, అక్షరాలు కొంచెం చిన్నవి చేయమన్నాం. భర్త పేరు, 1945, బర్మా అని కింద ఒక వరుస. ఆమె పుట్టిన సంవత్సరం ఎక్కడా దొరకలేదు, ఆ చోటు వదిలేశాం.

దేశంలో మళ్లీ జనాభా లెక్కలు వస్తున్నాయి, 2027 మార్చి 1 నాటి జనాన్ని లెక్కిస్తారు. వచ్చినవాళ్లకు నిజం చెప్పండి, అందరి పేర్లూ ఇవ్వండి. కాని ఆ కాగితాలు మన మనవలు చూడలేరు గనుక, సంఘంలో కుటుంబాల పుస్తకం ఒకటి కొత్తగా మొదలుపెట్టాం. తల్లి పేరుకు గడి ఉంది. పుట్టింటి పేరుకు గడి ఉంది. పూర్వ నామానికి కూడా ఉంది. ప్రతి నెల మూడో ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలిద్దరు మందిరం వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటారు. ఇళ్లలో పాత బైబిళ్లు ఉంటే ముందు పేజీలు, వెనక పేజీలు చూసి, పుట్టుకలు, పెళ్లిళ్లు రాసి ఉంటే తీసుకురండి. చింపవద్దు, ఫొటో తీసుకుని ఇచ్చేస్తాం. పట్టాళానికి పోయినవారి పతకాలు, ఉత్తరాలు, డిశ్చార్జి కాగితాలు ఏవున్నా తేవచ్చు. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉన్నవారు ఇంట్లో పెద్దవాళ్లకు ఈ వారం ఫోన్ చేసినప్పుడు వాళ్ల అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు అడిగి రాసి పంపండి.